పసిపిల్లలున్న కుటుంబాలకు ఉచిత వారపు క్లాసు: మొదలుపెట్టడం, నిలబెట్టడం ఎలా

ఉచిత క్లాసుకు మొదటి వారం జనం రావడం పెద్ద విషయం కాదు. కొత్తగా పెట్టారట, చూసొద్దామని వస్తారు. వాళ్లలో రెండోసారి ఎంతమంది వచ్చారన్నదే అసలు లెక్క. ఇక్కడ చెప్పే ప్రతి పనీ ఆ రెండో రాక కోసమే.

ఏర్పాటు ఇది: నాలుగేళ్ల లోపు పిల్లలు, వాళ్లతో అమ్మో నాన్నో తాతో అమ్మమ్మో వారానికోసారి ఒకచోట చేరతారు. గంటన్నర పిల్లలు ఆడుకుంటారు, మధ్యలో ఒక పది నిమిషాలు పెద్దలు పెంపకం గురించి ఒక్క విషయం నేర్చుకుంటారు. దీనికి పెద్ద సంస్థ అండ ఉండి తీరాలనేం లేదు. న్యూజిలాండ్‌లో 1941లో మొదలైన ప్లేసెంటర్లు (పసిపిల్లల ఆట కేంద్రాలు) తల్లిదండ్రులే నడుపుకునే పద్ధతి మీదే ఇన్నేళ్లుగా సాగుతున్నాయి. ఇద్దరుంటే మొదలుపెట్టవచ్చు. కొన్నాళ్లపాటు నడవాలంటే మాత్రం తాళంచెవి ముగ్గురి దగ్గర ఉండాలి, ఎందుకంటే ఆ ఇద్దరిలో ఒకరికి జ్వరం వచ్చే వారం తప్పకుండా వస్తుంది.

ఎవరికి, ఎప్పుడు

"అన్ని వయసుల పిల్లలకూ" అని రాయకండి. ఏడేళ్ల పిల్లలు పరిగెత్తే గదిలో ఆరు నెలల బిడ్డను ఏ తల్లీ కింద పడుకోబెట్టదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చుని, మళ్లీ రాదు. నాలుగేళ్ల లోపు అని గీత గీయండి. వెంట వచ్చే అన్నలనూ అక్కలనూ కాదనకండి, కానీ వాళ్లకు ఏదో ఒక పని చెప్పండి.

ఆరు కుటుంబాలతో మొదలుపెట్టి పన్నెండు దగ్గర ఆపండి. అంతకు మించితే ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఎక్కువమంది వస్తుంటే గదిని కిక్కిరిసేలా నింపకుండా ఇంకో రోజున రెండో జట్టు పెట్టండి.

నెలకోసారి పెట్టే క్లాసు నిలవదు. ఒక్కసారి తప్పిపోతే రెండు నెలల ఎడం వస్తుంది, పసివాళ్లకు అదొక యుగం. వారానికోసారి, అదే రోజు, అదే గంటకు, అదే గదిలో జరగాలి. ఇంట్లో ఉండే పెద్దలకైతే ఉదయం పది నుంచి పదకొండున్నర బాగా కుదురుతుంది, మధ్యాహ్నపు నిద్రకు ముందు పిల్లలు హుషారుగా ఉండే వేళ అది. ఉద్యోగాలవాళ్ల కోసమైతే సెలవురోజు ఉదయం పెట్టండి. సాయంత్రం ఆరు దాటాక పెడితే నిద్ర ముంచుకొచ్చే పిల్లల ఏడుపుతోనే పూట గడిచిపోతుంది. ముందుగా ఎనిమిది వారాలకే మాటివ్వండి. "ఎప్పటికీ జరుగుతుంది" అని చెప్పి మూడో నెలలో చతికిలపడటం కన్నా, ఎనిమిది వారాలు నడిపి, రెండు వారాలు ఆగి, మళ్లీ మొదలుపెట్టడం మేలు.

గది

కొలత ఎలా వేసుకోవాలంటే: ఇంగ్లండ్‌లో పిల్లల సంరక్షణ కేంద్రాలకు రెండేళ్ల లోపు బిడ్డకు 3.5 చదరపు మీటర్లు, రెండేళ్ల బిడ్డకు 2.5 చదరపు మీటర్లు ఉండాలన్న నిబంధన ఉంది. మీ దగ్గర ప్రతి బిడ్డ వెంటా ఒక పెద్ద మనిషి కూడా ఉంటారు కాబట్టి జంటకు 5 చదరపు మీటర్లు అనుకోండి. పది జంటలకు 50, అంటే సుమారు ఏడు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు. మరీ పెద్ద హాలు కూడా తంటాయే. మాట ప్రతిధ్వనిస్తుంది, పిల్లలకు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తడమే ఆటవుతుంది. బెంచీలు అడ్డం పెట్టి సగానికి కుదించండి.

నేల అంతస్తులో ఉండాలి. పిల్లల్ని తెచ్చే తోపుడు బండ్లు పెట్టుకోవడానికి చోటు, గదికి దగ్గరలోనే మరుగుదొడ్డి, డైపర్ మార్చడానికి ఒక బల్ల, చేతులు కడుక్కోవడానికి నీళ్లు కావాలి. తలుపుకు పెద్దల చేతికి మాత్రమే అందే గడియ ఉండాలి, అదే సమయంలో లోపలున్న పెద్దలెవరైనా తాళంచెవి లేకుండా క్షణంలో తీయగలగాలి. ఈ రెండూ కుదరకపోతే తలుపు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి.

పాకే పిల్లలకూ ఇంకా పాకని పిల్లలకూ ఒక మూల విడిగా కట్టండి: మందపాటి చాప, మూడు వైపులా బెంచీలు, ఆ బెంచీల మీద పెద్దలు. ఆ కంచె లేకపోతే అప్పుడప్పుడే పరుగు నేర్చినవాడు వచ్చి పడుకున్న బిడ్డ చేతిని తొక్కుతాడు. తప్పు వాడిది కాదు, గది సర్దినవాళ్లది.

మోకాళ్ల మీద ఒక చుట్టు

ప్రతి వారం తలుపు తెరిచే ముందు మోకాళ్ల మీద గదంతా ఒక చుట్టు పాకండి. నవ్వులాటకు చెప్పడం లేదు. నిలబడి చూస్తే బల్ల కింద రాలిన స్టేప్లర్ పిన్ను కనిపించదు. ప్లగ్గులు, వేలాడే తీగలు, కిటికీ తెర తాళ్లు, తోస్తే పడే కుర్చీల దొంతర, తలుపు కీలు సందుల్లో నలిగే వేళ్లు... ఇవన్నీ ఆ ఎత్తులోంచే తెలుస్తాయి.

గొంతుకు అడ్డం పడే వస్తువులకు ఒక సులువైన పరీక్ష ఉంది. బొమ్మల పరీక్షల్లో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. మీ దగ్గర ఆ గొట్టం ఉండదు కాబట్టి టాయిలెట్ పేపరు చుట్ట లోపలి అట్టగొట్టం వాడండి. అది సుమారు 4 సెంటీమీటర్లు ఉంటుంది గనుక ఇంకా కట్టుదిట్టమైన పరీక్షే. అందులోంచి జారిపడేది ఏదైనా గదిలో ఉండకూడదు. ఊదే బుడగలు అసలే వద్దు, పగిలిన రబ్బరు ముక్క గొంతుకు అతుక్కుంటే తీయడం చాలా కష్టం. వెలుగుతూ పాడే బొమ్మల్లో బటన్ సెల్ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికే వెళ్లాలి.

వేడి పానీయాల గురించి ఒక మాట. పెద్దలకు ఒక కప్పు ఏదైనా ఇస్తే కబుర్లు కుదురుతాయి, నిజమే. కానీ కలిపి పావుగంట అయిన కప్పు కూడా పసివాడి చర్మాన్ని కాల్చగలదు. మూత బిగించే కప్పుల్లో, ఆడే చోటికి బయట, ఒళ్లో బిడ్డ లేనప్పుడు మాత్రమే. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా మంచినీళ్లతో సరిపెట్టండి. తినుబండారాలు పంచడం మొదటి ఎనిమిది వారాలూ వద్దనే మా సలహా. ఎవరికి ఏది పడదో తెలుసుకోవడానికే ఆ సమయం పడుతుంది.

పిల్లలకు ప్రథమ చికిత్స చేయడం నేర్చుకున్న మనిషి ప్రతి వారం గదిలో ఒకరైనా ఉండాలి. గొంతుకు అడ్డం పడి దగ్గలేకపోతున్న బిడ్డకు ఏం చేయాలో ఒక అట్ట మీద రాసి గోడకు అంటించండి: ఏడాది లోపైతే వీపు మీద 5 చరుపులు, తర్వాత రొమ్ము మీద 5 నొక్కులు, ఏడాది దాటితే వీపు మీద 5 చరుపులు, తర్వాత పొట్ట మీద 5 నొక్కులు, మరొకరు వెంటనే అంబులెన్సుకు ఫోను. చదివితే వచ్చే పని కాదిది, చేతితో నేర్చుకోవాలి.

కబురు చేయడం

ఒకే ఒక్క కాగితం, పెద్ద అక్షరాలు. రోజు, గంట, చోటు రాయండి. ఏ తలుపులోంచి రావాలో కూడా రాయండి, ఎందుకంటే తలుపు తెలియక వెనుదిరిగినవాళ్లు మీకు ఎప్పటికీ కనబడరు. పిల్లల వయసు రాయండి. "పెద్దలు పిల్లలతోనే ఉండాలి" అని స్పష్టంగా రాయండి, లేకపోతే బిడ్డను దింపి పనికి వెళ్దామనుకునేవాళ్లు వస్తారు. "ఆలస్యమైనా రండి, ఏడ్చినా పర్లేదు" అన్న వాక్యం ఒకటి తప్పకుండా ఉండాలి. చంటిబిడ్డతో గడప దాటడానికి తల్లి ఎన్నిసార్లు వెనక్కి తిరుగుతుందో తెలిసినవాళ్లకు ఆ వాక్యం విలువ తెలుసు.

"ఉచితం" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. ఊరికే ఇస్తున్నారంటే చివర్లో ఏదో అమ్ముతారన్న అనుమానం సహజం. "రుసుము లేదు, ముందుగా పేరు నమోదు అక్కర్లేదు, ఏదీ అమ్మం" అని విడమరచి రాయండి. చందా పెట్టె గుమ్మం దగ్గర పెట్టారంటే అది ఉచితం కానట్టే. చేతిలో చిల్లర లేని మనిషి ఆ పెట్టెను దాటి రెండోసారి రాదు. సబ్బు, అద్దె వంటి ఖర్చులకు చందా తప్పదనుకుంటే విడిగా, కుటుంబాలను కాకుండా బయటివాళ్లను అడగండి. పాలడబ్బా కంపెనీలు ఖర్చు భరిస్తామని వస్తే వద్దనండి. తల్లిపాలకు బదులుగా అమ్మే పాలపొడుల ప్రచారంపై 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన అంతర్జాతీయ నియమావళి తల్లులకు ఉచిత నమూనాలు పంచవద్దంటుంది.

ఈ కాగితం టీకాలు వేసే చోట అంటించినంత ఫలితం ఇంకెక్కడా రాదు. అక్కడ ఉన్న ప్రతి ఒక్కరికీ సరైన వయసు బిడ్డ ఉంటుంది, ఎదురుచూసే తీరికా ఉంటుంది. ఆ తర్వాతి స్థానం గ్రంథాలయాలది, బడి గేట్లది. కాగితం మీద "తల్లుల క్లాసు" అని రాస్తే నాన్నలు రారు, రాకపోతే "నాన్నలకు శ్రద్ధ లేదు" అని మనమే అంటాం. "బిడ్డను పెంచే ఎవరైనా" అని రాయండి.

ఆటలు సర్దడం

ఆరు చోట్ల ఆరు రకాలు చాలు. బొమ్మలు ఎక్కువైతే పిల్లలు దేనితోనూ నిలవరు. ఒక్కో రకంలో మాత్రం రెండో మూడో ఉండాలి. రెండేళ్ల పిల్లలు కలిసి ఆడరు, పక్కపక్కన ఎవరి ఆట వారు ఆడతారు. పిల్లల ఆటను పరిశీలించిన పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే దీన్ని "సమాంతర ఆట"గా వర్ణించింది. కాబట్టి ఒకే ఎర్ర కారు పెట్టి "ఇద్దరూ పంచుకోండి నాన్నా" అనడం మనం తెచ్చిపెట్టే గొడవ. కార్లు రెండు పెట్టండి.

ఖాళీ అట్టపెట్టెలు, గిన్నెలు, చెక్క గరిటెలు, రంగురంగుల గుడ్డ ముక్కలు, మూతకు జిగురు పెట్టి బిగించిన గలగల సీసాలు, నాలుగైదు మందపాటి బొమ్మల పుస్తకాలు సరిపోతాయి. సీసాలను ప్రతి వారం గట్టిగా తిప్పి చూడండి, మూత కదిలితే పారేయండి.

పిండిముద్ద ఆటకు: 2 కప్పుల మైదా, 1 కప్పు ఉప్పు, 2 పెద్ద చెంచాల నూనె, 1 కప్పు నీళ్లు. నీళ్లు ఒకేసారి పోయకుండా ముప్పావు కప్పు పోసి పిసికి, మిగతాది చెంచా చెంచాగా కలపండి. చేతికి అంటుకుంటే గుప్పెడు పిండి, పగుళ్లు వస్తే చెంచా నీళ్లు. మూత ఉన్న డబ్బాలో చల్లని చోట దాచి, వాసన మారినా, చుక్కలు కనబడినా పారేయండి. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ. రుచి చూసినవాడు ఉమ్మేస్తాడు, కానీ ముద్దలుగా మింగితే ప్రమాదం. అందుకే ఇది పెద్దలు పక్కన కూర్చునే బల్ల మీదే ఉండాలి. మైదా పడని పిల్లలుంటే ఆ వారం మానేయండి.

నీళ్ల ఆట పెడితే తొట్టిలో 3 సెంటీమీటర్ల నీళ్లు చాలు, పక్కన ఒకరు కదలకుండా ఉండాలి, అయిపోగానే పారబోయాలి. పసివాడు మునగడానికి 5 సెంటీమీటర్ల నీళ్లు చాలు. మూలన మరచిపోయిన బకెట్టే ఎక్కువ భయపెట్టాల్సింది.

గంటన్నర ఎలా గడవాలి

మొదటి పావుగంట చెప్పులు విప్పడం, పేర్లు రాయడం. తర్వాత అరగంట ఎవరి ఆట వాళ్లది. మీరేమీ నడిపించకండి. పెద్దల మధ్య మాట కలిసేది ఇక్కడే. ఆ తర్వాత పది పన్నెండు నిమిషాల పాఠం, మళ్లీ పావుగంట ఆట, అయిదు నిమిషాలు సర్దుడు, పది నిమిషాలు పాటలు, మిగిలింది చెప్పులు వెతుక్కోవడానికి. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంటికి వెళ్లనని పేచీ పెట్టే పిల్లలతో అదే పెద్ద ఘట్టం.

మొదటి పాట, చివరి పాట వారం వారం మార్చకండి. మూడో వారానికి ఆ పాట వినగానే పిల్లలు తల తిప్పుతారు, అయిదో వారానికి సర్దడానికి పరిగెత్తుతారు. పాటల వేళ చుట్టూ తిరిగే పిల్లవాణ్ణి పట్టి కూర్చోబెట్టకండి, వాడు వింటూనే ఉంటాడు. కూర్చోవడం తప్పనిసరి చేస్తే "మావాడు కుదురుగా ఉండడు" అని నొచ్చుకుని మానేసేది వాళ్ల అమ్మే.

పది నిమిషాల పాఠం

ఒక వారానికి ఒక్క ప్రశ్న. నిద్ర, పేచీలు, తిండి, తెరలు (టీవీ, ఫోను), పుస్తకం చదివి వినిపించడం, ఇంట్లో ప్రమాదాలు: ఈ ఆరింటితో మొదలుపెట్టండి. నేల మీద కూర్చునే చెప్పాలి. ఆడుతున్న పిల్లల్ని చూసుకుంటూనే పెద్దలు వినాలి. ప్రొజెక్టరు తెర, వరుస కుర్చీలు పెట్టారంటే అది సభ అయిపోతుంది.

అంకెలు చెప్పేటప్పుడు ఎక్కడివో చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు నిండేదాకా కూర్చోబెట్టి తెర చూపించకపోవడమే మంచిది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట లోపు, ఎంత తగ్గితే అంత మేలు. ఇంకా పాకని బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు, కొద్దికొద్దిగా, బోర్లా ఆడించాలి. పడుకోబెట్టేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. పగలూ రాత్రీ కలిపి నిద్ర: 4–11 నెలలకు 12–16 గంటలు, 1–2 ఏళ్లకు 11–14, 3–4 ఏళ్లకు 10–13.

అంకె చెప్పాక వెంటనే "మీ ఇంట్లో ఎలా ఉంది?" అని చుట్టూ అడక్కండి. గంట తెర దాటని ఇల్లు అరుదు, అందరూ అబద్ధం చెప్పాల్సి వస్తుంది. దానికి బదులు ఈ వారం చేసి చూడాల్సిన చిన్న పని ఒకటి చెప్పండి: తినేటప్పుడు ఒక్క పూట ఫోను ఇంకో గదిలో ఉంచడం. పై వారం ఎలా జరిగిందని అడిగితే కుదరలేదని చెప్పడానికి ఎవరికీ సిగ్గుండదు.

బయటి నుంచి వైద్యులనో కౌన్సెలర్లనో పిలిస్తే ముందే మూడు షరతులు పెట్టండి: పది నిమిషాలు, ఏమీ అమ్మకూడదు, విడి ప్రశ్నలకు తర్వాత ఒక మూలన కూర్చోవాలి. బిడ్డ ఎదుగుదల గురించి అందరిముందూ అడిగే ధైర్యం చాలామందికి ఉండదు.

మీరు వైద్యం చెప్పకండి. ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పే చిరునామాల కాగితం మాత్రం సిద్ధంగా ఉంచండి. రెండు వారాలకు మించి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదని, ఏడుపొస్తోందని ఎవరైనా అంటే "అందరికీ ఉండేదే" అని కొట్టిపారేయకండి, ఆరోగ్య కార్యకర్త దగ్గరకు పంపండి. తనకో బిడ్డకో హాని చేసుకోవాలనిపిస్తోందంటే అదే రోజు, ఒంటరిగా వదలకుండా, తోడు వెళ్లండి. ఎవరికీ చెప్పనని ముందే మాటివ్వకండి.

గుమ్మం దగ్గరి మనిషి

మొత్తం ఏర్పాటులో ఒకే పనికి మంచి మనిషిని కేటాయించగలిగితే ఈ పనికి కేటాయించండి. కొత్తగా వచ్చినవాళ్లు మానేసేది ఆటలు బాగోలేక కాదు, మొహమాటంతో. పాతవాళ్లు గుండ్రంగా కూర్చుని నవ్వుకుంటుంటే బిడ్డతో గోడ పక్కన నిలబడ్డ మనిషికి గంటన్నర చాలా పెద్దది.

గుమ్మం దగ్గరి మనిషి చేయాల్సింది: పెద్దలదీ బిడ్డదీ పేరు అడిగి అట్ట ముక్క మీద రాసి ఇవ్వడం, మరుగుదొడ్డి చూపించడం, తర్వాత చేయి పట్టి తీసుకెళ్లినట్టుగా, అదే వయసు బిడ్డ ఉన్న ఒక్క మనిషి పక్కన కూర్చోబెట్టడం. "అందరూ, ఈమె కొత్తగా వచ్చారు" అని ప్రకటించడం మాత్రం వద్దు. ఒక్కరితో పరిచయమే రెండో వారం రప్పిస్తుంది. రెండు రోజుల్లో ఒక చిన్న సందేశం పంపండి, పేరు పెట్టి.

రాసుకునే పుస్తకంలో పేర్లు, ఒక ఫోను నంబరు, పడని పదార్థాలు తప్ప ఇంకేమీ వద్దు. కులం, ఆదాయం, భర్త ఉద్యోగం లాంటి గడులు కనబడితే కొందరు అక్కడి నుంచే తిరిగిపోతారు. గదిలో నిప్పు అంటుకుంటే అందరూ బయటపడ్డారో లేదో లెక్క చూసుకోవడానికే ఈ పుస్తకం, అందుకే ప్రతివారం రాయాలి. వాట్సాప్‌లో అందరినీ ఒక గ్రూపులో వేస్తే అందరి నంబర్లూ అందరికీ తెలిసిపోతాయి. అడిగి వేయండి, లేదా విడివిడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ వాడండి. ఫోటోలు అడగకుండా తీయవద్దు. వద్దన్నవాళ్ల కోసం పేరు అట్ట మీద ఒక చుక్క గుర్తు పెట్టండి, ప్రతిసారీ నోరు తెరిచి చెప్పే అవస్థ తప్పుతుంది.

వాలంటీర్లకు మీ చోట చట్టం అడిగే తనిఖీలు పూర్తి చేయండి. ఏ వాలంటీరూ బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు, డైపర్ మార్చడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం తెచ్చిన పెద్దల పనే.

కొరకడం, తోయడం, జబ్బులు

ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల్లో కొరకడం మామూలే, ఎనిమిది వారాల్లో ఒకసారైనా జరుగుతుంది. ముందు కొరికించుకున్న బిడ్డ దగ్గరకు వెళ్లండి, చోటును సబ్బుతో కడగండి. చర్మం తెగితే డాక్టరుకు చూపించమనండి. కొరికిన బిడ్డతో "కొరికితే నొప్పి" అన్న ఒక్క మాట చాలు, అదీ వాళ్ల పెద్దలే చెప్పాలి. ఆ తర్వాత మీరు చూసుకోవాల్సింది కొరికిన బిడ్డ తల్లినే. తలొంచుకుని సంచి సర్దుకుంటుంది. అప్పుడు పక్కన కూర్చోకపోతే ఆ కుటుంబం ఇక కనబడదు.

వాంతులు, విరేచనాలు ఆగి 48 గంటలు దాటాకే రావాలన్నది గోడ మీద రాయండి. ఎవరినో ఉద్దేశించి చెప్పినట్టు ఉండదు.

నోట్లో పెట్టుకున్న బొమ్మలు వేయడానికి మూత ఉన్న ఒక తొట్టి పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. పూట అయ్యాక వాటిని సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత బ్లీచ్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. బ్లీచ్ 5 శాతానిదైతే లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు, రోజుకారోజు కలుపుకోవాలి. మురికి కడగకుండా నేరుగా ముంచితే బ్లీచ్ పనిచేయదు. మరుగుదొడ్డి శుభ్రం చేసే యాసిడ్‌తో దాన్ని కలిపితే విషవాయువు వస్తుంది, రెండు సీసాలూ వేర్వేరు అరల్లో పెట్టండి.

ఎనిమిదో వారం

మూడో నాలుగో వారంలో హాజరు పడిపోతుంది. గదిలో నలుగురే ఉన్నా అన్ని ఆటలూ సర్దండి, అన్ని పాటలూ పాడండి, సమయానికి ముందే తలుపు మూయకండి. ఆలస్యంగా వచ్చి తాళం చూసిన కుటుంబం అందరితో అదే చెబుతుంది.

ఎనిమిదో వారం పుస్తకం తీసి ప్రతి పేరు ఎదుట ఎన్నిసార్లు వచ్చారో రాయండి. ఒక్కసారే వచ్చినవాళ్లు మూడో వంతుకు మించితే ఆటలను మార్చే ముందు గుమ్మం దగ్గరి మనిషిని మార్చి చూడండి. వేళ కుదరక మానేశారేమోనని ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి అడగండి, "ఎందుకు రాలేదు" అని కాకుండా "ఏ వేళైతే వీలవుతుంది" అని. రెండు వారాల విరామం తర్వాత మళ్లీ మొదలయ్యే తేదీని ఆ రోజే కాగితం మీద రాసి, గది తలుపుకు బయటివైపు అంటించాకే తాళం వేయండి.